ఓడ ఆగేది పది గంటలు, అరకు ఉన్నది నూటపదిహేను కిలోమీటర్లు

క్లుప్తంగా: విహార నౌక ఒక రేవులో ఆగిన రోజున లోపలి పల్లెసీమను చూసి రాగలమా లేదా అన్నది తిరిగి ఓడ ఎక్కాల్సిన గడువును బట్టి తేలుతుంది. ఆ ప్రాంతం ఎంత అందమైనదన్న ప్రశ్న ఆ తర్వాతే. ఈ లెక్కన విశాఖ రేవు నుంచి అరకు ఒక్క పగటి పర్యటనకు అందదు. బొర్రా గుహలు అందీ అందనట్టు ఉంటాయి. ఏటికొప్పాక, శంకరం, భీమిలి దారి సులువుగా అందుతాయి. క్రూయిజ్ నౌకల వల్ల అరకుకు మేలు జరగాలంటే దానికి దారి వేరే ఉంది.

విశాఖపట్నం ఔటర్ హార్బర్‌లో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతకు ముందే, 2022 జూన్‌లో, కార్డీలియా సంస్థ నడిపే 'ఎంప్రెస్' నౌక ఇక్కడ ప్రయాణికులను ఎక్కించుకుని చెన్నై వైపు వెళ్ళింది. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే విదేశీ నౌక వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు చివర కేంద్ర ప్రభుత్వం క్రూయిజ్ భారత్ మిషన్‌ను ప్రారంభించి, 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయడం లక్ష్యమని చెప్పింది.

ఓడల వార్త వచ్చిందంటే దాని వెంటే అరకు పేరు కూడా వస్తుంది. ఓడ దిగిన వాళ్ళు కాఫీ తోటలు, బొర్రా గుహలు, థింసా చూసి సాయంత్రానికి ఓడ ఎక్కుతారని, లోయలో నాలుగు డబ్బులు ఖర్చు పెడతారని ఆశ. వినడానికి బాగానే ఉంది. కానీ క్రూయిజ్ పర్యటనలు ఎలా నడుస్తాయో తెలిసిన వాళ్ళు మొదట అడిగేది ఒకటే: ఓడ ఎన్ని గంటలు ఆగుతుంది?

పది గంటల్లో మిగిలేవి ఎన్ని?

ప్రయాణ పట్టికలో 'ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు' అని ఉంటే చేతిలో పది గంటలు ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఉండవు. ఎనిమిదింటికి ఓడ బెర్తుకు, అంటే రేవులో ఓడను కట్టేసే చోటికి, చేరుతుంది, అంతే. ఆ తర్వాత తాళ్ళు బిగించాలి, మెట్లవంతెన దించాలి, రేవు అధికారులు ఓడ పత్రాలు చూసి దిగడానికి అనుమతి ఇవ్వాలి. విదేశీ ప్రయాణికులకు, ఆ దేశంలో అదే మొదటి రేవు అయితే, ఇమ్మిగ్రేషన్ తనిఖీ కూడా ఉంటుంది. పర్యటన టికెట్లు కొన్న వాళ్ళను ఓడలోనే ఒక హాలులో కూర్చోబెట్టి, బస్సు నంబరు అతికించి, జట్లుగా దించుతారు. నలభై మందిని బస్సులో కూర్చోబెట్టి, తలలు లెక్కపెట్టి, రేవు గేటు దాటేసరికి తొమ్మిది కావడం మామూలే.

సాయంత్రం వైపూ ఇదే తంతు. ఓడ ఆరింటికి కదిలేటట్టయితే ప్రయాణికులందరూ అయిదింటికో అయిదున్నరకో లోపల ఉండాలి. పర్యటన నడిపే సంస్థ ఆ గడువుకు ఒక గంట ముందే రేవు చేరేలా కార్యక్రమం వేసుకుంటుంది. టైరు పగలవచ్చు, వంతెన దగ్గర వాహనాలు ఆగిపోవచ్చు, ఒకాయన దుకాణంలో బేరమాడుతూ సమయం మరిచిపోవచ్చు. ఇవన్నీ తీసేస్తే పది గంటల్లో ఏడో, ఏడున్నరో మిగులుతాయి. ఆ ఏడు గంటల్లోనే వెళ్ళడం, చూడడం, తినడం, తిరిగి రావడం జరగాలి.

ఓడ లంగరు వేసి సముద్రంలోనే నిలిచే రేవుల్లో పరిస్థితి ఇంకా ఇరుకు. గ్రీసులోని సాంటోరినిలో పెద్ద నౌకలకు బెర్తు లేదు. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరి, అక్కడి నుంచి కేబుల్ కారులో కొండెక్కాలి. పడవ కోసం ఒక వరుస, కేబుల్ కారు కోసం ఇంకో వరుస. సాయంత్రం అవే వరుసలు తిరుగు దిశలో. విశాఖకు ఆ ఇబ్బంది లేదు. ఓడ నేరుగా బెర్తుకు వస్తుంది.

ఓడ ఎందుకు ఆగదు?

వేల మంది ఎక్కే ఓడ నలుగురి కోసం అరగంట ఆగలేదా అని చాలామందికి అనిపిస్తుంది. ఆగకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. బెర్తు గంటల లెక్కన కేటాయిస్తారు. వెనుక మరో నౌక కాచుకుని ఉండవచ్చు. ఓడను రేవు దాటించడానికి దారి చూపే పైలట్, లాగే టగ్గు పడవలు ముందే నిర్ణయమై ఉంటాయి. కొన్ని రేవుల్లో ఆటుపోట్లను బట్టి తప్ప కదలడానికి వీలుండదు. మరునాటి రేవులో బస్సులు, గైడ్లు, రైలు టికెట్లు అన్నీ ఓడ రాక సమయానికి కట్టుబడి ఉంటాయి.

వీటికి ఇంధనం తోడవుతుంది. నౌక వేగం పెరిగే కొద్దీ ఇంజన్‌కు కావలసిన శక్తి దాదాపు వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగాన్ని పదో వంతు పెంచాలంటే శక్తి ఇంచుమించు మూడో వంతు పెరగాలి. రేవులో పోయిన గంటను సముద్రంలో సంపాదించుకోవడం ఖరీదైన పని. అందుకే ప్రతి నౌకాసంస్థ నిబంధనల్లోనూ గడువు దాటి వచ్చిన వాళ్ళ కోసం ఓడ ఆగదన్న వాక్యం ఉంటుంది.

ఈ వాక్యం కాగితం మీద మాట మాత్రమే కాదని 2024 మార్చిలో 'నార్వేజియన్ డాన్' నౌక ప్రయాణికులు ఎనిమిది మందికి తెలిసింది. ఆఫ్రికా పడమటి తీరంలోని సావోతోమె దీవిలో వాళ్ళు బయటి సంస్థ ద్వారా పర్యటనకు వెళ్ళి ఆలస్యంగా వచ్చారు. ఓడ లంగరు మీద కంటికి కనిపిస్తూనే ఉన్నా వాళ్ళను ఎక్కించుకోలేదు. తర్వాత కొన్ని దేశాలు దాటి సెనెగల్‌లో ఓడను అందుకోవలసి వచ్చింది.

టికెట్టులో ఏం కొంటున్నారు?

ఇక్కడే ఓడ వాళ్ళు అమ్మే పర్యటనకూ బయట దొరికే పర్యటనకూ తేడా వస్తుంది. ఒడ్డు మీది ఇలాంటి పర్యటనను క్రూయిజ్ భాషలో షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఓడ వాళ్ళ పర్యటనలో వెళ్ళిన బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. ఆగడానికి వీలు కాకపోతే ప్రయాణికులను తర్వాతి రేవుకు సంస్థే తన ఖర్చుతో చేరుస్తుంది. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్ళిన వారికి ఈ హామీ లేదు. చూసే కొండ అదే, తాగే కాఫీ అదే, ఎక్కే బస్సు కూడా ఒక్కోసారి అదే యజమానిది. ఓడ వాళ్ళ ధర మాత్రం ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉండవచ్చు. అదనంగా చెల్లించేది చాలావరకు బీమా లాంటి సొమ్ము.

ఆ సొమ్మంతా హామీకే పోతుందనుకోనక్కరలేదు. నౌకాసంస్థకు సొంత బస్సులుండవు, గైడ్లుండరు. స్థానికంగా ఒక నిర్వహణ సంస్థతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ సంస్థ బస్సులు, గైడ్లు, ప్రవేశ రుసుములు, భోజనం ఏర్పాటు చేసి ఒక ధర చెబుతుంది. దాని మీద నౌకాసంస్థ తన వాటా కలిపి ప్రయాణికుడికి అమ్ముతుంది. పెద్ద క్రూయిజ్ కంపెనీల ఆదాయంలో సుమారు మూడో వంతు టికెట్లు కాక ఇతరత్రా అమ్మకాల నుంచే వస్తుంది: మద్యం, కాసినో, ఇంటర్నెట్, పర్యటనలు. గది టికెట్టు చవకగా కనిపించడానికి ఇదొక కారణం.

దూరం తక్కువగా ఉండి, వాహనాలు తరచుగా దొరికే చోట ఈ బీమా సొమ్ము దండగ. దూరం ఎక్కువ, దారి ఒక్కటే, ఆ దారిలో కొండచరియలు పడే అవకాశం కూడా ఉంటే ఆ సొమ్ముకు అర్థముంది. రెంటికీ ఒకే సలహా ఇవ్వడం సరికాదు.

రైలు ఓడ దగ్గరికే వచ్చే ఊళ్ళు

పల్లెసీమ పర్యటనలు బాగా నడిచే రేవులను గమనిస్తే ఒక పోలిక కనిపిస్తుంది. నార్వేలోని ఫ్లోమ్ కొన్ని వందల మంది నివసించే చిన్న ఊరు, సముద్రపు పాయ చివర కొండల అడుగున ఉంటుంది. ఓడ నిలిచే చోటికీ రైల్వే స్టేషనుకూ మధ్య కొద్ది నిమిషాల నడక. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల దారిలో రైలు దాదాపు 865 మీటర్ల ఎత్తుకు ఎక్కి మ్యుర్డాల్ చేరుతుంది. దారిలో ఇరవై సొరంగాలు, ఒక జలపాతం దగ్గర ఆగడం, కొన్నిచోట్ల 18 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కే వాలు. వెళ్ళడానికి ఇంచుమించు గంట, రావడానికి గంట. వేసవిలో రోజంతా రైళ్ళు తిరుగుతూనే ఉంటాయి, ఒకటి తప్పితే ఇంకొకటి. ఏడు గంటల పగటిలో ఇది హాయిగా ఇముడుతుంది. ఇంకా నాలుగు గంటలు మిగులుతాయి.

అలాస్కాలోని స్కాగ్వే సంగతీ ఇంతే. 1898లో క్లాండైక్ బంగారపు వేట రోజుల్లో మొదలుపెట్టి 1900 నాటికి పూర్తిచేసిన వైట్ పాస్ రైలు మార్గం అక్కడుంది. ఓడ పక్కనే పట్టాలు. ఇరవై మైళ్ళలో 2,865 అడుగుల ఎత్తున్న కనుమకు ఎక్కి, వెనక్కి తిరిగి వస్తారు. మొత్తం మూడు గంటలలోపే. ఈ మార్గం చాలాకాలం యూకాన్ గనుల ఖనిజాన్ని రేవుకు చేరవేసింది. ధరలు పడిపోయి గనులు మూతపడ్డాక 1982లో రైలు ఆగిపోయింది. 1988లో క్రూయిజ్ ప్రయాణికుల కోసమే మళ్ళీ మొదలైంది. ఖనిజం పోయి పట్టాలు ఖాళీ అయ్యాయి కాబట్టి ఓడ వచ్చే వేళకు రైలు నడపడం వీలైంది.

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే తెలుగు తల్లిదండ్రులకు అలాస్కా క్రూయిజ్ కొత్త కాదు. వాళ్ళకు ఇక్కడొక చిక్కు ఉంది. స్కాగ్వే నుంచి కనుమ శిఖరం దాకా వెళ్ళి తిరిగొచ్చే రైలుకు పేచీ లేదు. ఇంకొంచెం ముందుకు ఫ్రేజర్‌కో, బస్సులో కార్‌క్రాస్‌కో వెళ్ళే పర్యటనలు కెనడా సరిహద్దు దాటుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్న సందర్శకులకు కెనడా వీసా కావాలి. అంతకంటే ముందు, సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు కూడా సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. అమెరికాలో కట్టని, అమెరికా జెండా లేని నౌకలు అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పాలంటే విదేశీ రేవును తాకి రావాలనే 1886 నాటి చట్టం దానికి కారణం. టికెట్టు కొన్నాక ఈ సంగతి తెలిసి ఆఖరి నిమిషంలో వీసా కోసం పరుగెత్తడం కన్నా పర్యటన వివరాల్లో సరిహద్దు ప్రస్తావన ఉందేమో ముందే చూసుకోవడం నయం.

మన దగ్గరా పట్టాలున్నాయి, కానీ...

విశాఖకూ అరకుకూ మధ్య రైలు మార్గం లేక కాదు. కొత్తవలస–కిరండూల్ మార్గం, వాడుకలో కేకే లైన్, 1960లలో పుట్టిందే రేవు కోసం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి తూర్పు కనుమలను తొలిచి దీన్ని వేశారు. మార్గంలో 58 సొరంగాలు. దృశ్యాల విషయంలో ఫ్లోమ్‌కు గానీ వైట్ పాస్‌కు గానీ ఇది తీసిపోదు. 2017 ఏప్రిల్ నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది.

తేడా ఏమిటంటే, ఇక్కడ ఖనిజం ఆగిపోలేదు. బరువైన సరుకు రైళ్ళు పగలూ రాత్రీ ఈ పట్టాల మీదే తిరుగుతాయి. ఘాట్ భాగం జంట మార్గం పనులు ఇంకా సాగుతున్నాయి. ప్రయాణికుల రైలుకు దక్కేది ఆ సరుకు రైళ్ళ మధ్య దొరికిన సందు. కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడింటికి ముందే బయలుదేరుతుంది. ఎనిమిదింటికి ఓడ దిగే వాళ్ళకు అది అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు. తిరుగు రైలు అరకు నుంచి మధ్యాహ్నం దాటాక బయలుదేరి విశాఖ చేరేసరికి రాత్రవుతుంది. ఆరింటికి కదిలే ఓడ అప్పటికి నడిసముద్రంలో ఉంటుంది.

ఓడ వచ్చిన రోజు ప్రత్యేక రైలు వేయవచ్చు కదా అన్న ప్రశ్న సహజమే. వేయవచ్చు. కానీ నాలుగు గంటల ప్రయాణం ప్రత్యేక రైలైనంత మాత్రాన రెండు గంటలు కాదు. ఘాట్‌లో వేగాన్ని వాలు, వంపులు నిర్ణయిస్తాయి. పాలనాపరమైన చిక్కు ఇంకొకటి చేరింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం విశాఖ డివిజన్ దక్షిణ కోస్తా రైల్వేలో ఉంటుంది. కొత్తవలస నుంచి పైకి వెళ్ళే మార్గం తూర్పు కోస్తా రైల్వే కింద ఏర్పడే రాయగడ డివిజన్‌కు వెళుతుంది. పర్యాటకుల కోసం అప్పటికప్పుడు రైలు సర్దాలంటే రెండు జోన్లు కూర్చుని మాట్లాడుకోవాలి.

తొంభై కిలోమీటర్లు ఇక్కడ, తొంభై కిలోమీటర్లు అక్కడ

రోడ్డు సంగతి చూద్దాం. ఇటలీలోని లివోర్నో రేవులో దిగిన ప్రయాణికులు టస్కనీ పల్లెసీమకు, ఫ్లోరెన్స్ నగరానికి వెళతారు. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ సుమారు 90 కిలోమీటర్లు. విశాఖ నుంచి బొర్రా గుహలకు కూడా ఇంచుమించు అంతే దూరం. అక్కడ బస్సు గంటన్నరలో చేరుతుంది. ఇక్కడ రెండున్నర గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కారణం రోడ్డు బాగోగులు మాత్రమే కాదు. అక్కడ దారి చాలావరకు మైదానం, వేగంగా పోయే రహదారి. ఇక్కడ మొదట నగరం దాటాలి, తర్వాత శృంగవరపుకోట నుంచి ఘాట్ ఎక్కాలి. నలభై మంది కూర్చునే బస్సు ఆ మలుపుల్లో కారులా పోలేదు. కడుపులో తిప్పే వాళ్ళకోసం మధ్యలో ఆపక తప్పదు కూడా.

ఇప్పుడు లెక్క పూర్తిచేయవచ్చు. అరకు 115 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటల నుంచి మూడున్నర. రానూపోనూ ఆరు నుంచి ఏడు గంటలు. చేతిలో ఉన్నవి ఏడో ఏడున్నరో. అంటే అరకు చేరి, బస్సు దిగి, కాఫీ తాగి, మళ్ళీ బస్సెక్కడమే. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి ఏవీ కుదరవు. బొర్రా మాత్రమే చూసి రావాలంటే ప్రయాణానికి అయిదు గంటలు, గుహల్లో గంటన్నర, భోజనం పొట్లాల్లో. కాగితం మీద సాధ్యమే. దారిలో ఒక లారీ ఆగిపోతే అసాధ్యం.

కాలం కూడా కలిసిరాదు. దేశీయ నౌక విశాఖకు వచ్చింది ఎక్కువగా జూన్ తర్వాతి నెలల్లో. నైరుతి రుతుపవనాల వేళ అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో ముంబై వైపు తిరిగే ఓడ తూర్పు తీరానికి మళ్ళుతుంది. సరిగ్గా అదే వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద, కేకే లైన్ మీద కొండచరియలు, బండరాళ్ళు పడే ప్రమాదం ఎక్కువ. అరకు లోయ వలిసె పూలతో పసుపు పరుచుకునేది నవంబరు, డిసెంబరుల్లో. విదేశీ ఓడలు భారత తీరానికి వచ్చేది సాధారణంగా శీతాకాలంలోనే కనుక పూలు వాళ్ళకు దక్కవచ్చు, అదీ ఓడ ఒక రాత్రి ఆగితే.

గంట దూరంలోని పల్లె

అరకు అనే ఒక్క పేరు మీద చూపు నిలవడం వల్ల రేవుకు దగ్గరున్న పల్లెసీమ లెక్కలోకి రావడం లేదు. ఏడు గంటల పర్యటనకు తగిన దూరం ఒకవైపు గంట నుంచి గంటన్నర. ఆ గీత గీస్తే విశాఖ చుట్టూ చాలా పడతాయి.

దక్షిణంగా జాతీయ రహదారి మీద గంట దూరంలో అనకాపల్లి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడే ఉంది. చెరకు గానుగ ఆడే కాలంలో చుట్టుపక్కల పల్లెల్లో పాకం వండటం చూడవచ్చు. పక్కనే శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ. కొండరాతిలో తొలిచిన బౌద్ధ గుహలు, వరుసగా ఏకశిలా స్తూపాలు. ఇంకొంచెం ముందుకు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, లక్కలో కలిపిన సహజ రంగులను పట్టించి బొమ్మలు చేసే పని అక్కడ ఇళ్ళలోనే జరుగుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. ఓడలోని చిన్న గదిలో పెట్టుకు తీసుకుపోవడానికి ఇంతకన్నా అనువైన వస్తువు దొరకడం కష్టం. రహదారి సమంగా ఉంటుంది కాబట్టి సమయం అంచనాకు అందుతుంది. పర్యటన నిర్వాహకులకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ఉత్తరంగా భీమిలి దారి. తొట్లకొండ, బావికొండల మీద సముద్రాన్ని చూస్తూ ఉన్న బౌద్ధ విహారాల శిథిలాలు, చివర డచ్చి వారి సమాధులున్న భీమునిపట్నం, మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు. ఈ దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. వాటి విషయంలో మాత్రం తొందరపాటు కూడదు. వదులైన ఇసుకమట్టితో ఏర్పడిన నేల అది, వానకే కోసుకుపోతుంది. ఒకేసారి పది బస్సుల జనాన్ని దాని మీద నడిపిస్తే వచ్చే ఆదాయం కంటే పోయే దిబ్బే ఎక్కువ. అంచున ఒక చూపు వేదిక కట్టి, లోపలికి చిన్న జట్లను మాత్రమే పంపడం ఒక మార్గం.

పల్లెకు మిగిలేది

ఓడ ప్రయాణికుడి ఖర్చు తీరు మామూలు పర్యాటకుడికి భిన్నం. పడక, మూడు పూటల తిండి ముందే కొన్నాడు. ఒడ్డు మీద హోటల్ గది తీసుకోడు, తరచుగా భోజనమూ చేయడు. అతని నుంచి ఊరికి వచ్చేది బస్సు కిరాయి, గైడు కూలి, ప్రవేశ రుసుము, కొనే వస్తువులు. ఒక రాత్రి అరకులో బస చేసే హైదరాబాదు కుటుంబం లోయకు ఇచ్చేది, రెండు గంటలు తిరిగిపోయే ఓడ ప్రయాణికుడి కంటే ఎక్కువ ఉండే అవకాశముంది. అందుకే ఓడ పర్యటనలో చేతిపని వస్తువులు, కాఫీ పొడి లాంటివి అమ్ముడుపోతేనే పల్లెకు ఏదైనా దక్కుతుంది. అవి నేరుగా తయారీదారుల దగ్గర కొనే ఏర్పాటుందా, కమీషన్ ఇచ్చే పెద్ద దుకాణం ముందు బస్సు ఆగుతుందా అన్నది ఒప్పందం రాసేటప్పుడే తేలిపోతుంది.

జనం తాకిడి రెండో సంగతి. స్కాగ్వేలో శాశ్వత నివాసులు వెయ్యికి అటూ ఇటూ. అయిదారు వేల మందిని మోసే ఒక్క ఓడ వచ్చినా ఊరి జనాభాకు కొన్ని రెట్లు ఒక్క ఉదయంలో దిగుతారు. ఇలాంటి ఒత్తిడి వల్లే అలాస్కా రాజధాని జూనో 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రానీయడం లేదు. నార్వేలో యునెస్కో వారసత్వ జాబితాలోని సముద్రపు పాయల్లోకి కాలుష్యం విడవని నౌకలనే అనుమతించే నిబంధన చిన్న నౌకలకు 2026 నుంచి అమలు. పెద్ద నౌకలకు 2032 వరకు గడువిచ్చారు. పర్యాటకుల తాకిడి ఎక్కువగా ఉన్న పురపాలికలు రుసుము వసూలు చేసుకునేందుకు వీలు కల్పించే చట్టాన్ని 2025లో ఆ దేశ పార్లమెంటు ఆమోదించింది. విశాఖ ఆ దశకు చాలా దూరంలో ఉంది. ఏడాదికి కొన్ని ఓడలు వచ్చే రేవుకు పరిమితుల గురించి బెంగ అనవసరం. అయితే బస్సులు ఆగే స్థలం, మరుగుదొడ్లు, ఇంగ్లీషుతో పాటు ఒకటి రెండు విదేశీ భాషలు వచ్చిన గైడ్లు ఓడలు పెరిగాక చూసుకునే పనులు కావు.

ఎక్కే రేవు, ఆగే రేవు

విశాఖ చర్చలో కలగాపులగమవుతున్న విషయం ఇంకొకటుంది. క్రూయిజ్ రేవులు రెండు రకాలు. ప్రయాణం మధ్యలో ఒక పగలు ఆగేవి కొన్ని. ప్రయాణం మొదలయ్యేవి, ముగిసేవి కొన్ని. కార్డీలియా నౌకకు విశాఖ చాలావరకు రెండో రకం. ఎక్కిన వాళ్ళలో ఎక్కువమంది తెలుగు రాష్ట్రాల వాళ్ళు, చుట్టుపక్కల రాష్ట్రాల వాళ్ళు. వాళ్ళకు విశాఖలో పగటి పర్యటన అక్కరలేదు. పర్యటన కావలసింది పుదుచ్చేరి, చెన్నైలలో.

ఎక్కే రేవుకు మాత్రం వేరే బలం ఉంది. ఓడ పట్టుకోవడానికి హైదరాబాదు నుంచో రాయపూర్ నుంచో వచ్చిన కుటుంబం ఒక రోజు ముందే చేరడం మంచిదని నౌకాసంస్థలే చెబుతాయి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు కనుక. ఆ ముందు రోజును, లేదా దిగిన తర్వాతి రోజును, అరకులో ఒక రాత్రి బసగా మలిస్తే గడువు భయం ఉండదు. విస్టాడోమ్ సమయాలు అప్పుడు సరిగ్గా కుదురుతాయి. లోయలో గది అద్దె, రాత్రి భోజనం, మర్నాటి సంత అన్నీ ఖర్చులో చేరతాయి. దిగిన తర్వాత వెళ్ళడం ముందు వెళ్ళడం కంటే క్షేమం, ముఖ్యంగా వానాకాలంలో. తిరిగొచ్చేటప్పుడు ఘాట్ మూసుకుపోయినా తప్పిపోయేది ఓడ కాదు, మహా అయితే ఒక రైలు.

మధ్యలో ఆగే విదేశీ ఓడల విషయంలో తేల్చవలసింది ఒప్పందాల బల్ల దగ్గర. నౌకాసంస్థలు తమ దారులను ఏడాది, రెండేళ్ళ ముందే ఖరారు చేస్తాయి. ఆ దశలో విశాఖ తరఫున అడగవలసింది రేవులో ఒక రాత్రి బస. చిన్న విలాస నౌకలు, ప్రపంచ యాత్ర నౌకలు రెండు రోజులు ఆగడానికి ఒప్పుకోవడం కొత్తేమీ కాదు. వాళ్ళ ప్రయాణికులు వందల్లోనే ఉంటారు, లోయ రోడ్లు మోయగలిగినంత. వేల మందితో వచ్చి పది గంటలు ఆగి పోయే పెద్ద ఓడకు ఏటికొప్పాక, శంకరం, భీమిలి ఇవ్వాలి. దాని కరపత్రంలో అరకు పేరు వేయకపోవడమే ఆ ప్రయాణికులకూ, అరకుకూ మంచిది.